అయస్కాంతం పట్టని రజను

నా చిన్నప్పుడు మా పెదనాన్న దగ్గర ఎప్పుడూ ఇంజినాయిల్ వాసన వచ్చేది. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పెళ్ళికి బయల్దేరినా ఆ వాసన ఆయన్ని వదిలేది కాదు. మా పెద్దమ్మ దాని గురించి విసుక్కునేది. నాకు మాత్రం అది ఇష్టం. ఇప్పటికీ ఏ గ్యారేజీ ముందు నుంచి నడిచి వెళ్తున్నా ఒక్క క్షణం ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను. అరవై దాటిన మనిషి రోడ్డు పక్కన నిలబడి ఏం చేస్తోందో చూసేవాళ్ళకి తెలియదు.

మాది నర్సీపట్నం. పెదనాన్నకి ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. మా ఇల్లు, వాళ్ళ ఇల్లు ఒకే గోడకి అటూ ఇటూ. వెనక పెరడు మాత్రం ఇద్దరిదీ. ఆ పెరట్లోనే కారు ఉండేది. అటు తునికి, అనకాపల్లికి వెళ్ళేవాళ్ళు, ఇటు ఘాట్ రోడ్డెక్కి లంబసింగి, చింతపల్లి పోయేవాళ్ళు ముందు రోజే వచ్చి చెప్పి వెళ్ళేవారు. కొండ మీదికి ఆయన బండి అయితేనే ఎక్కుతామనేవాళ్ళు చాలామంది. ఘాట్‌లో ఆయన కారు ఒక్కసారి కూడా ఆగిపోలేదని ఊళ్ళో పేరు. ఆ పేరంటే ఆయనకి కారు కంటే ఎక్కువ ఇష్టం.

ఆ కారుకి ఒక విశేషం ఉండేది. ఇంజిను పక్కన లోటా అంత ఇనప గిన్నె ఒకటి బిగించి ఉంటుంది. దాని లోపల ఫిల్టరు. ఇంజినులో తిరిగే ఆయిల్ అంతా ఆ ఫిల్టరు గుండా పోయి, మురికి అక్కడ వదిలేసి, మళ్ళీ లోపలికి వెళ్తుంది. మా పెదనాన్న ఆ గిన్నెకి బయటివైపు అయస్కాంతం కట్టేశాడు. మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్లో పాడైపోయిన స్పీకరు ఒకటి దొరికితే, దాన్ని విప్పి, లోపలున్న నల్లటి చక్రాన్ని ఊడదీశాడు. ఊడదీస్తుంటే అది రెండు ముక్కలైంది. రెండూ గిన్నెకి చెరోపక్క అతికించి, కదలకుండా సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టేశాడు.

మా కారు మరమ్మతులు చూసే మేస్త్రీ గారు మొదటిసారి దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయాడు. "ఏటన్నా, ఇంజినుకి తాయెత్తు కట్టీసినావు" అన్నాడు.

పెదనాన్న కోపం తెచ్చుకోలేదు. "తాయెత్తో కాదో ఆయిల్ మార్సినప్పుడు సూద్దారి" అన్నాడు.

ఆయిల్ మార్చే రోజు వచ్చింది. గిన్నె విప్పి వంచితే, లోపలి గోడకి సరిగ్గా అయస్కాంతం ఉన్న మేరకే నల్లటి గుజ్జు అంటుకుని ఉంది. మిగతా గోడంతా శుభ్రంగా ఉంది. పెదనాన్న ఆ గుజ్జుని వేలితో తీసి, కిరసనాయిల్లో కడిగి, నా నోటు పుస్తకంలోని తెల్ల కాగితం మీద వేశాడు. కాగితం కింద అయస్కాంతం తిప్పాడు. పొడి లేచి నిలబడి, గొంగళిపురుగు వెంట్రుకల్లా అయస్కాంతం ఎటు పోతే అటు నడిచింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. మేస్త్రీ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదంతా ఇనప రజను. ఫిల్టరు కాయితానికి కూడా దొరకనంత సన్నం. ఇది మళ్ళీ లోపలికి ఎలిపోతే పిస్టన్లనీ బేరింగుల్నీ గీకీసి తినేస్తాది" అని నాకు అర్థమయ్యేలా చెప్పాడు పెదనాన్న.

ఆ రోజు నుంచి ఆయిల్ మార్చడం మా పెరట్లో ఒక వేడుక. చుట్టుపక్కల టాక్సీలవాళ్ళు వచ్చి చూసేవారు. కాగితం పట్టుకునే పని నాది. ఆడపిల్లకి ఇంజిను దగ్గర పనేమిటని మా నానమ్మ గొణిగేది గానీ పెదనాన్న వినిపించుకునేవాడు కాదు. రజను ఎంత పడిందో చూసి ఇంజిను ఆరోగ్యం చెప్పడం కూడా మొదలుపెట్టాడు. ఎక్కువ పడితే నెమ్మదిగా నడిపేవాడు. తక్కువ పడితే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు. రానురాను ఆ కాగితం చూస్తే చాలు, మిగతా ఏదీ చూడనక్కర్లేదన్నంత నమ్మకం కుదిరిపోయింది ఆయనకి.

నేను చెప్పబోయేది నాకు పదేళ్ళప్పటి మాట. చలికాలం. మా పక్కింట్లో ఒక టీచరమ్మ గారు ఉండేవారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. ఆవిడ చెల్లెల్ని చింతపల్లిలో ఇచ్చారు. ఆ చెల్లెలికి తొలి కాన్పు అక్కడే అయింది. బిడ్డకి నెల దాటింది కాబట్టి తల్లినీ బిడ్డనీ కొన్నాళ్ళు తన దగ్గర పెట్టుకుందామని టీచరమ్మ గారి కోరిక. ఆదివారం చర్చి నుంచి రాగానే బయల్దేరి, చీకటి పడే లోపల కిందికి తీసుకురావాలని పెదనాన్నతో మాట్లాడుకున్నారు. పసిబిడ్డతో ఘాట్ దిగాలంటే ఆయన కారు కాక ఇంకే కారు?

అందుకే శనివారం పొద్దున్నే ఆయిల్ మార్చడానికి కూర్చున్నాడు. మేస్త్రీ గారు కూడా వచ్చాడు. గిన్నె విప్పారు. నేను కాగితం పట్టుకున్నాను. ఆ రోజు పడినంత తక్కువ రజను అంతకుముందెప్పుడూ పడలేదు. చిటికెడు కూడా లేదు. పెదనాన్న మొహం వెలిగిపోయింది.

మేస్త్రీ గారు మాత్రం, "ఆయిల్ ప్రెషర్ ముల్లు కొంచెం దిగతందని మొన్న అన్నావు గదేటి. ఓపాలి కింద విప్పి సూద్దారా?" అన్నాడు.

"ఎండకి దిగుంటాది. ఈ కాయితం సూడు. ఇంజిను పెళ్ళికొడుకులాగ ఉంది" అన్నాడు పెదనాన్న. మేస్త్రీ గారు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. చలికాలంలో ఎండేమిటని ఆయనకి అనిపించే ఉంటుంది. ఆ మాట పైకి అనలేదు.

పాత ఆయిల్ని పళ్ళెంలోంచి డబ్బాలోకి వంచడం కూడా నా పనే. ఎడ్లబండి ఇరుసులకని రైతులెవరో ఒకరు వచ్చి అడిగి పట్టుకెళ్ళేవారు. ఆ రోజు నేను ఒక్కదాన్నే పెరట్లో కూర్చుని వంచుతున్నాను. ఆయిల్ అంతా జారిపోయాక పళ్ళెం అడుగున ఏదో మెరిసింది. ఎండకి తిప్పి చూశాను. పచ్చగా మెరుస్తున్న నలకలు. కొబ్బరిచిప్పలో కిరసనాయిలు పోసి, వాటిని కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాను. చిటికెడు పోగయ్యాయి. పక్కనే ఉన్న అయస్కాంతం ముక్క దగ్గరగా పెట్టి చూశాను. ఒక్క నలక కూడా కదలలేదు.

బంగారం అయస్కాంతానికి అంటుకోదని మాకు బళ్ళో చెప్పారు. ఇంకేముంది, నాకు బంగారం దొరికిందనుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి ఒక చెవి దుద్దు పోయి చాలా రోజులైంది. రెండు చెవులకీ పుల్లలు పెట్టుకుని తిరిగేది. ప్రతిసారీ ఆయిల్‌లో ఇంత దొరికితే, కొన్నాళ్ళకి అమ్మకి దుద్దులు చేయించవచ్చని నా లెక్క. ఏటికొప్పాక లక్కబొమ్మల్లో వచ్చిన చిన్న భరిణె ఒకటి నా దగ్గర ఉండేది. ఆ నలకలు అందులో పోసి, మూత బిగించి, బట్టల అడుగున దాచేశాను. ఆ సాయంత్రమంతా నా అంత గొప్పది ఇంకెవరూ లేరన్నట్టు తిరిగాను.

ఆదివారం పొద్దున్న పెదనాన్న కారు తుడుస్తుంటే పక్కన నిలబడి నెమ్మదిగా అడిగాను. "పెదనాన్నా, ఇంజినులో బంగారం ఉంటాదా?"

ఆయన నవ్వాడు. "ఇంజినులో బంగారమేటే గుంటా. దాన్లో మెరిసిందేదైనా దాని ఒంట్లోంచి ఊడిందే" అని మళ్ళీ తుడుచుకోవడంలో పడిపోయాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఆయనకి తెలీదులే అనుకున్నాను. కానీ అది మనసులోంచి పోలేదు. ఇడ్లీ పెడితే తినబుద్ధి కాలేదు. ఒంట్లోంచి ఊడిందంటే ఏమిటి? ఊడితే ఏమవుతుంది? చెబితే నా బంగారం పోతుంది. దాచినందుకు తిట్లు కూడా పడతాయి. చెప్పకపోతే? ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆపేసి ఇంకో వైపుకి తిరిగిపోయేదాన్ని.

చర్చి నుంచి టీచరమ్మ గారు తెల్ల చీరలో, సంచీ పట్టుకుని, నేరుగా మా పెరట్లోకే వచ్చేశారు. పెదనాన్న ఇంకా లోపల భోజనం చేస్తున్నాడు. ఆవిడ సంచీలోంచి ఒక ఉన్ని టోపీ తీసి నాకు చూపించారు. రాత్రుళ్ళు కూర్చుని తనే అల్లారట. లంబసింగి దగ్గర మంచుకి బిడ్డ చెవులు చల్లబడకూడదని.

"ఎంత చిన్నదో చూడు. నీ పిడికిలికి పడుతుందేమో పెట్టి చూడు" అన్నారు.

పెట్టుకున్నాను. నా పిడికిలికి సరిగ్గా సరిపోయింది. బిడ్డ తల ఇంతే ఉంటుందన్నమాట అనుకున్నాను. ఆ టోపీ తీసి ఆవిడ చేతిలో పెట్టి, ఇంట్లోకి పరిగెత్తి, బట్టలన్నీ కింద పడేసి భరిణె తెచ్చాను. పెదనాన్న చేయి కడుక్కుంటున్నాడు. ఆయన ముందు నిలబడి మూత తీశాను.

"నిన్న ఆయిల్ పళ్ళెంలో దొరికింది. బంగారం అనుకున్నాను" అన్నాను.

ఆయన ఆ నలకల్ని అరచేతిలో పోసుకుని ఎండలోకి నడిచాడు. కారు గిన్నెకి కట్టిన అయస్కాంతం ముక్క ఒకటి ఊడదీసి తెచ్చి దగ్గర పెట్టాడు. కదలలేదు. బొటనవేలితో ఒకసారి నలిపి చూశాడు. ఆ తర్వాత ఆయన మొహం చూడాలంటే నాకు భయం వేసింది. అందులో కోపం లేదు. పరీక్షలో తెలిసిన లెక్క తప్పు చేసి వచ్చినవాడి మొహంలా ఉంది.

ఆయనే వెళ్ళి మేస్త్రీ గారిని తీసుకొచ్చాడు. మేస్త్రీ గారు కూడా చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు. ఇస్త్రీ చొక్కా విప్పి మా గోడ మీద ఆరేసి, బనీనుతో కారు కిందికి దూరాడు. ఇంజిను అడుగు విప్పడానికి గంట పట్టింది. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో అర్ధచంద్రుడిలా వంగిన బేరింగు రేకు ఒకటి ఉంది. దాని లోపలి పచ్చటి పూత సగం పైగా అరిగిపోయి, ఉన్నది కూడా పెచ్చులు లేచి ఉంది.

"ఇది రాగి కలిసిన పూత" అన్నాడు మేస్త్రీ గారు. "అయస్కాంతం దీన్నేటి పడతాది. ఘాట్ ఎక్కీటప్పుడు ఇంజిను మీద బరువు పడితే ఇది ఒగ్గీసీదే. మజ్జిలో ఆగిపోయుండేవారు."

టీచరమ్మ గారు టోపీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. "ఏమైందండీ?" అని అడిగారు.

పెదనాన్న కావాలంటే ఏమైనా చెప్పవచ్చు. బండి అన్నాక పాడవుతుంది అనవచ్చు. ఈ పిల్ల నిన్ననే చూసి కూడా చెప్పలేదు అనవచ్చు. అది నిజమే కాబట్టి నేను తల దించుకుని ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాను. అప్పటికే గోడ అవతల ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. అయస్కాంతం వేడుక చూడ్డానికి వచ్చేవాళ్ళే.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. అయస్కాంతానికి ఇనుము తప్పితే ఇంకేటీ అగుపించదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆయిల్ వైపు సూడలేదు. మేస్త్రీ సెప్తే ఇనలేదు. ఈ గుంట సూసింది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చేసింది. "నేను నిన్ననే చూశాను పెదనాన్నా. దాచేశాను" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఒక్క రోజు దాసినావు. ముల్లు దిగతంటే పది రోజుల బట్టి నాకు నేనే దాసుకున్నాను. ఎవుల్ది పెద్ద తప్పు సెప్పు" అన్నాడు.

మేస్త్రీ గారు ఆ రేకుని గుడ్డలో చుడుతూ, "నాను కూడా గట్టిగా అనలేదులే అన్నా. నువ్వేటి అనుకుంటావో అని ఊరుకున్నాను" అన్నాడు. ఆ మాటలయ్యాక పెరడంతా, బడిలో గంట కొట్టాక పిల్లలంతా వెళ్ళిపోయిన తరగతి గదిలా తేలిగ్గా అనిపించింది.

పెదనాన్న అక్కడితో ఆగలేదు. బస్టాండు దగ్గర ఇంకో టాక్సీ ఆయన ఉండేవాడు. ఇద్దరికీ బేరాల దగ్గర ఎప్పుడూ పోటీ. పెదనాన్న ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పి, కారు అడిగాడట. ఆయన తాళం ఇచ్చేశాడు. మా పెద్దమ్మ వద్దంటున్నా నన్ను కూడా ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. టీచరమ్మ గారు వెనక కూర్చున్నారు.

చెరకు తోటలు, జీడిమామిడి తోటలు దాటి ఘాట్ మొదలయ్యాక ఆ అరువు కారు చప్పుడుని ఆయన చెవి పెట్టి వింటూనే ఉన్నాడు. డాష్‌బోర్డు మీద ముల్లు వైపు మాటిమాటికీ చూశాడు. మొదటి పెద్ద మలుపు తిరిగి, ఎత్తు బాగా ఎక్కుతున్న చోట, ఒక పక్క లోయ కనిపిస్తుంటే, "మనదైతే ఈ సుట్టుపక్కలే ఆగిపోయుండును" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. మామూలుగానే అన్నాడు, రోడ్డు పక్కన ఏదో చెట్టు చూపించినట్టు. నేను వెనక్కి తిరిగి చూస్తే టీచరమ్మ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు.

వచ్చేటప్పుడు బిడ్డ తల ఆ టోపీలో సరిగ్గా ఇమిడిపోయింది. లంబసింగి దగ్గర మధ్యాహ్నం దాటగానే చలి మొదలైంది. పెదనాన్న అద్దాలన్నీ ఎక్కించేశాడు. కిందికి దిగే దాకా బిడ్డ ఒక్కసారి కూడా ఏడవలేదు. ఊళ్ళోకి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. టీచరమ్మ గారి చెల్లెలు దిగుతూ బిడ్డని ఒక్క నిమిషం నా ఒళ్ళో పెట్టింది. వెచ్చగా, ఇంత బరువు కూడా లేకుండా ఉంది. అంత చిన్న మనిషిని అంతకుముందు నేను ఎత్తుకోలేదు.

మా కారు వారం రోజులు రాళ్ళ మీదే ఉంది. కొత్త బేరింగులు వేశారు. అయస్కాంతం తీసి పారేస్తాడేమో అనుకున్నాను. పారెయ్యలేదు. ఆ రెండు ముక్కల్నీ తుడిచి, కొత్త ట్యూబు ముక్క చుట్టి, మళ్ళీ గిన్నెకి కట్టాడు. మేస్త్రీ గారు చూసి కనుబొమ్మలెత్తితే, "దాని పని అది సేసింది. నా పని నాను సెయ్యలేదు" అన్నాడు.

అప్పటి నుంచి ఆయిల్ మార్చినప్పుడల్లా రెండు పనులు జరిగేవి. కాగితం మీద రజను చూడడం ఒకటి. పాత ఆయిల్ని పంచె ముక్కలో వడగట్టి, ఆ గుడ్డని ఎండకి పట్టి చూడడం రెండోది. ఆ రెండోది ఆయన నాకు అప్పగించాడు. ఏమీ లేకపోయినా ఏమీ లేదని నేను పైకి చెప్పేదాకా ఊరుకునేవాడు కాదు. వచ్చినవాళ్ళెవరైనా అయస్కాంతం కడితే ఇంజిను ఎక్కువ కాలం వస్తుందా అని అడిగితే, "అదేటో నాను సెప్పలేను. అది పట్టిందేటో సూపించగలను" అనేవాడు. ఇదివరకైతే పావుగంట చెప్పేవాడు. బేరాలు తగ్గుతాయని మా పెద్దమ్మ భయపడింది గానీ ఏమీ తగ్గలేదు. తన తప్పు తనే చెప్పుకున్నాడన్న మాట కూడా ఊళ్ళో పాకింది. అది విని ఆయన బండి ఎక్కినవాళ్ళు కూడా ఉన్నారు.

నేను పెద్దయ్యాక ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో, రక్తపరీక్షలు చేసే పని. ఏజెన్సీ కొండ ఊళ్ళ నుంచి జ్వరాలతో వచ్చేవాళ్ళు ఎక్కువ. చేరిన కొత్తలో ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. ఆ వేళ జనం ఎక్కువగా ఉన్నారు. మైక్రోస్కోపు కింద స్లైడు చూసి, మలేరియా లేదని రాసి ఇచ్చేశాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి వణికిన తీరు గుర్తొచ్చి, ఉండబట్టలేక స్లైడు మళ్ళీ పెట్టి, ఈసారి తీరిగ్గా చూశాను. ఒక మూల మలేరియా క్రిమి ఉంది. నేను ఆ మూల దాకా వెళ్ళనే లేదు.

మా ల్యాబాయన కొత్త కాగితం రాసి ఎవరి చేతికైనా ఇచ్చి పంపమన్నాడు. ఏదో పొరపాటున మారిపోయిందని చెబితే సరిపోతుందన్నాడు. నేను బస్టాండు దాకా పరిగెత్తాను. ఆ తల్లి అప్పుడే బస్సు ఎక్కబోతోంది. చేయి పట్టుకుని పక్కకి తీసుకొచ్చి, "తప్పు నాదేనమ్మా. నేను సరిగా చూడలేదు. మళ్ళీ చూస్తే ఉంది" అన్నాను. ఆ మాట అనేదాకా ఏదో అయిపోతుందనుకున్నాను. అన్నాక ఏమీ కాలేదు. ఆవిడ నన్ను కోప్పడలేదు. కూతుర్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా చేయి పట్టుకుని, డాక్టరు దగ్గరికి నాతోపాటు వెనక్కి నడిచింది.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఇంకా చాలాసార్లు అనవలసి వచ్చింది. పనిలోనూ, ఇంట్లోనూ, నా పిల్లల దగ్గర కూడా. అలవాటు అవుతుందనుకున్నాను గానీ అవలేదు. ప్రతిసారీ మొదటి రెండు మాటలూ నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. అప్పుడు పదిమంది చూస్తుండగా తువ్వాలుతో చేతులు తుడుచుకుని నెమ్మదిగా నోరు తెరిచిన మా పెదనాన్న కళ్ళముందుకి వస్తాడు. ఆ తర్వాత మిగతా మాటలు వాటంతటవే వచ్చేస్తాయి.